కలుషిత నేలపై తొలి నివేదిక ఎవరు వ్రాయాలి?

ఒక భూసార పరీక్షా పత్రం నకలు నా వద్ద ఇప్పటికీ భద్రంగా ఉన్నది. పారిశ్రామికవాడకు దిగువన ఉన్న ఒక గ్రామంలోని రెండెకరాల వరి పొలానికి సంబంధించిన పత్రమది. ఉదజని సూచిక 7.6, లవణ సూచిక 6.8, సేంద్రియ కర్బనం మధ్యస్థం, భాస్వరం ఎక్కువ, లభ్య జింకు 9.4 పి.పి.ఎం. వీటికి దిగువన సిఫార్సుల గడిలో నా చేతివ్రాతే ఉన్నది: చౌడును తట్టుకొనే వరి రకం సాగుచేయాలి, జీలుగ పెంచి పూతకు రాగానే కలియదున్నాలి, మురుగు కాలువ తీసి మంచినీటితో మడిని ఒకటి రెండుసార్లు కడగాలి, ఈ పంటకాలంలో జింకు సల్ఫేటు వేయనవసరం లేదు. పాఠ్యపుస్తకం ప్రకారం చూస్తే ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు.

నమూనా ఇచ్చిన రోజున ఆ రైతు, "ఏడాది నుంచి బోరు నీళ్ళు పచ్చబడుతున్నాయి సార్, ఏదో మందు వాసన వస్తోంది" అన్నారు. నేను విన్నాను. నమూనాతో పాటు ప్రయోగశాలకు వెళ్ళే సమాచార పత్రంలో ఆ మాట వ్రాయడానికి గడి లేదు కనుక వ్రాయలేదు. రెండేళ్ళ తరువాత ఆ ఊరికి మళ్ళీ వెళ్ళినప్పుడు నీరు పారే మడవ దగ్గర నారు మాడిపోయి ఉన్నది. పశువులను ఆ నీటికి తోలడం ఊరివారు మానివేశారు. ఆ రైతు పొలాన్ని బీడుపెట్టి, పట్నంలో ఒక గిడ్డంగికి కాపలాదారుగా వెళ్ళిపోయారు. వాగు వెంట ఎగువకు నడిచి చూచిన తరువాత గాని ఆ లవణం నేలలో పుట్టినది కాదని నాకు అర్థం కాలేదు. జింకు లోపానికి మనం పెట్టుకున్న హద్దు 0.6 పి.పి.ఎం. దానికి పదిహేను రెట్లు మించిన అంకెను చూచి "చాలినంత ఉన్నది" అని వ్రాసినవాణ్ణి నేను. ఆ అంకె ఒక హెచ్చరిక. దానిని శుభవార్తగా చదివాను.

ఈ వ్యాసం వ్రాయడానికి ఆ పత్రమే కారణం. కలుషిత భూములను దర్యాప్తు చేయడానికి మన దేశంలో ఇప్పుడు నిబంధనలు వచ్చాయి. ఆ దర్యాప్తు మొదలు కావాలంటే ఎవరో ఒకరు తొలి నివేదిక వ్రాయాలి. వ్యవసాయ భూముల విషయంలో ఆ బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలదే కావాలని నా అభిప్రాయం. ఇది మనకు అదనపు పని అని, మన పరిధి కాదని అనేవారు ఉన్నారు. ఆ వాదనకు నేను కొంతకాలం లోబడినవాణ్ణే.

నిబంధనల తొలి మెట్టు

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వశాఖ 2025 జూలైలో కలుషిత ప్రదేశాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. వాటి క్రమం స్థూలంగా ఇది. కలుషితమై ఉండవచ్చునని అనుమానించదగిన ప్రదేశాల వివరాలను ఆరు నెలలకొకసారి జిల్లా స్థాయి నుంచి పంపాలి. సమాచారం అందిన 90 రోజులలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గాని, దాని తరఫున నిపుణ సంస్థ గాని ప్రాథమిక పరిశీలన జరపాలి. అనుమానం బలపడితే మరి మూడు నెలలలో సమగ్ర సర్వే చేయాలి. నిబంధనలలో చేర్చిన 189 ప్రమాదకర రసాయనాలలో ఏదైనా హద్దు మించినట్లు తేలితే ఆ ప్రదేశాన్ని బహిరంగంగా ప్రకటించి, రాకపోకలపై ఆంక్షలు పెట్టి, కాలుష్యానికి బాధ్యులెవరో నిర్ణయించి, శుద్ధి ఖర్చు వారినుంచి రాబట్టాలి.

నిబంధనలు వెలువడిన నాటికి దేశంలో 103 ప్రదేశాలను కలుషితమైనవిగా గుర్తించగా వాటిలో శుద్ధి పనులు మొదలైనవి ఏడింటిలోనే. గుర్తించిన తరువాత ఎన్నాళ్ళలో శుభ్రం చేయాలన్న గడువు ఈ నిబంధనలలో లేకపోవడాన్ని పలువురు విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. నాకు అంతకంటె పెద్దదిగా కనిపించే లోపం మొదటి మెట్టులోనే ఉన్నది. తొంభై రోజుల గడియారం తిరగడం మొదలయ్యేది సమాచారం అందిన తరువాత. ఆ సమాచారం పుట్టవలసిన చోటు పొలం. జిల్లా కార్యాలయంలో కూర్చున్నవారికి నారు మాడడం కనబడదు. తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారికి, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని గ్రామ వ్యవసాయ సహాయకునికి, కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రవేత్తకు కనబడుతుంది. వీరు చూచినదానిని ఎవరికి, ఏ రూపంలో, ఎన్ని రోజులలో తెలపాలో చెప్పే ఏర్పాటు మన విస్తరణ వ్యవస్థలో లేదు.

పరిశ్రమలకు నివేదికల బాధ్యత లేదని కాదు. ప్రమాదకర వ్యర్థాలను ఉత్పత్తి చేసేవారు ఏటా జూన్ 30 లోగా వార్షిక వివరాలు సమర్పించాలి. అనుమతులు పొందిన పరిశ్రమలు సెప్టెంబరు 30 లోగా పర్యావరణ నివేదిక ఇవ్వాలి. ప్రమాదం జరిగితే వెంటనే మండలికి తెలియజేయాలి. 2020 మే 7 వేకువన విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు ఆ వార్త గంటలలో దేశమంతటా తెలిసింది. నేల కాలుష్యం ఆ జాతికి చెందినది కాదు. దానికి తేదీ లేదు, శబ్దం లేదు. పరిశ్రమ ఇచ్చే నివేదిక ప్రహరీ గోడ వరకే వస్తుంది. గోడ అవతలి పొలం గురించి వ్రాసేవారు ఎవరూ లేరు.

పటాన్‌చెరు చెప్పేది

ఈ విషయంలో మనకు దూరపు ఉదాహరణలు అవసరం లేదు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో పరిశ్రమలు వెలిశాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీర వైపు ప్రవహించాయి. పోచారం, బాచుగూడెం, గండిగూడెం వంటి గ్రామాల రైతులు చెరువు నీరు పారించుకొనే పొలాలను పోగొట్టుకున్నారు. వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు నేలలలోని భారలోహాలపై 2001లో అధ్యయనం ప్రచురించారు. శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది.

ఈ వరుసలో ఎవరెవరున్నారో గమనించండి. న్యాయవాదులున్నారు, భూభౌతిక శాస్త్రవేత్తలున్నారు, విదేశీ ఔషధ పరిశోధకులున్నారు. గ్రామగ్రామం తిరిగి దశాబ్దాల పాటు ఈ అన్యాయాన్ని లోకానికి చాటిన వ్యక్తి పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన వైద్యులు డాక్టర్ అల్లాని కిషన్ రావు. మనం లేము. శిక్షణలకనో, సదస్సులకనో పటాన్‌చెరు వెళ్ళిరాని వ్యవసాయ పట్టభద్రుడు మన రెండు రాష్ట్రాలలో అరుదు. అయినా అక్కడి నేలపై తొలి మాట మన వృత్తి నుంచి బయలుదేరలేదు.

నగరానికి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడ పక్కనున్న నూర్ మహమ్మద్ కుంట, కడపలోని చెత్త డంపు 2010లో ప్రపంచబ్యాంకు సాయంతో మొదలైన పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి నమూనా ప్రదేశాలుగా ఎంపికైనవి. అంటే కలుషిత ప్రదేశాల దర్యాప్తు పద్ధతులు దేశంలో తొలిగా ప్రయోగించిన గడ్డ మనది. ఆ అనుభవం మన పాఠ్యప్రణాళికలో ఎన్ని పుటలు ఆక్రమించిందో విద్యార్థులే చెప్పాలి.

మన పరీక్ష దేనిని చూడదు

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార ఆరోగ్య పత్రాల పథకం పన్నెండు అంశాలను కొలుస్తుంది: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్, పాదరసం, నికెల్ వీటిలో లేవు. ఈ పథకం ఎరువుల వాడకం కోసం ఉద్దేశించినది కనుక లేకపోవడం సహజమే. కానీ "ఆరోగ్య పత్రం" అన్న పేరు చూచి రైతు తన నేల ఆరోగ్యంగా ఉన్నదనుకొంటాడు. మనమూ అనుకొంటాము.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. పట్టణ వ్యర్థాలతో చేసిన కంపోస్టును ఎరువుగా అమ్మాలంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం దానిలో ఎనిమిది లోహాలకు హద్దులున్నాయి. కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 10, క్రోమియం 50, నికెల్ 50, సీసం 100 మించరాదు. పాదరసానికి 0.15, రాగికి 300, జింకుకు 1000. సంచిలోని ఎరువుకు ఇంత కట్టుదిట్టం చేసిన మనం ఆ ఎరువు పడే నేలను ఈ దృష్టితో ఒక్కసారి కూడా చూడము.

సూక్ష్మపోషకాల పరీక్ష మరొక తీరున దారి తప్పిస్తుంది. మనం వాడే డి.టి.పి.ఎ. ద్రావణం మొక్కకు అందే భాగాన్ని అంచనా వేయడానికి రూపొందించినది. నేలలోని మొత్తం లోహాన్ని అది చెప్పదు. పైగా మన పత్రంలో గడులు "తక్కువ, చాలినంత" అన్న రెండు మాటలతో ముగుస్తాయి. "ఎక్కువ, ఎందుకో విచారించాలి" అన్న మూడవ మాట లేదు. ఆ మూడవ మాట ఉండి ఉంటే నా పాత పత్రంలోని 9.4 నన్ను ఆపేది. రాగి, జింకు విషయంలో అసాధారణంగా పెరిగిన అంకెలు కనబడితే వాటిని పక్కకు తీసి మొత్తం లోహాల పరీక్షకు పంపడానికి కొత్త యంత్రాలేవీ అక్కరలేదు. ఒక నియమం చాలు.

అన్నింటికన్నా ఆలోచింపజేసేది నమూనా సేకరణ పద్ధతి. విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతాము: గట్ల పక్కన, నీటి కాలువల దగ్గర, చెట్ల నీడన, పెంటకుప్పలు వేసిన చోట మట్టి తీయరాదు. పొలమంతా వంకరటింకరగా నడిచి పది పదిహేను చోట్ల ఆంగ్ల "వి" ఆకారపు గుంట తీసి, 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు వదిలివేస్తూ అరకిలోకు తేవాలి. ఎరువుల సిఫార్సుకు ఇంతకంటె మంచి పద్ధతి లేదు. కాలుష్యాన్ని కనుగొనడానికి ఇంతకంటె చెడ్డ పద్ధతీ లేదు. వ్యర్థజలం పొలంలోకి ప్రవేశించేది కాలువ మడవ వద్ద. మనం తీయరాదని నేర్పే చోటే అది పేరుకొంటుంది. ఉదాహరణకు మడవ దగ్గర కిలోకు 300 మిల్లీగ్రాముల సీసం, మిగతా పద్నాలుగు చోట్ల 20 చొప్పున ఉన్నదనుకొందాం. పదిహేనింటినీ కలిపితే ప్రయోగశాలకు చేరేది సుమారు 39. ఆ అంకె ఎవరినీ కలవరపెట్టదు.

కనుక అనుమానమున్న పొలంలో నమూనాలను కలపరాదు. మడవ వద్ద, మడి మధ్యన, నీరు బయటికి పోయే చోట విడివిడిగా తీయాలి. పై పొర ఒకటి, దిగువ పొర ఒకటి వేరుగా ఉండాలి. అదే రకపు నేలలో, ఆ నీరు పారని ఎగువ పొలం నుంచి పోలిక కోసం ఒకటి తప్పనిసరి. జింకు పూత రేకు బకెట్లు వాడరాదు. నీటి నమూనా తీసిన గంట కూడా వ్రాసుకోవాలి, ఎందుకంటే వాగులో రాత్రి పారేది పగలు పారకపోవచ్చు.

ధాన్యాన్ని కొలిచిన జపాన్

వ్యవసాయ భూములకు ప్రత్యేక చట్టం ఎలా ఉంటుందో తెలుసుకోగోరేవారు జపాన్ వైపు చూడాలి. తొయామా ప్రాంతంలో జింజూ నది ఎగువన ఉన్న కమియోకా గనుల నుంచి వచ్చిన కాడ్మియం వరి పొలాలలో చేరింది. ఆ బియ్యం తిన్నవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ఎముకలు పెళుసై విరిగిపోయే వ్యాధి వచ్చింది. రోగుల ఆర్తనాదమే దాని పేరైనది: ఇతాయి ఇతాయి, అంటే "నొప్పి, నొప్పి". అక్కడ కూడా దీర్ఘకాలం పోరాడినది స్థానిక వైద్యుడు హగినో నొబొరు. కానీ ఆయన పక్కన మరొకరున్నారు. పంటనష్టాన్ని పరిశీలించడానికి రైతులు పిలిపించుకున్న వ్యవసాయ శాస్త్రవేత్త యోషియోకా కినిచి. లోహాల విశ్లేషణ ఒకయామా విశ్వవిద్యాలయానికి చెందిన కోబయాషి జున్ చేశారు. పంటకు, ఎముకకు కారణం ఒకటేనని, అది కాడ్మియమని 1961లో హగినో, యోషియోకా ప్రకటించారు. 1968లో ప్రభుత్వం అంగీకరించింది.

1970లో వ్యవసాయ భూముల నేల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. దానిలో మనం నేర్వదగిన అంశం కొలమానం. కాడ్మియానికి హద్దును వారు నేలలో పెట్టలేదు, ముడి బియ్యంలో పెట్టారు: కిలోకు 1 మిల్లీగ్రాము. 2010లో దానిని 0.4కు తగ్గించారు. రాగికి వరి నేలలో 125, ఆర్సెనిక్‌కు 15 మిల్లీగ్రాములు హద్దు. ప్రాంతపు గవర్నరు ఆ భూములను పరిశీలింపజేసి, హద్దు మించిన చోటును ప్రకటించి, శుద్ధి ప్రణాళిక తయారుచేయాలి. జింజూ తీరంలో కలుషిత మట్టిపై మంచి మట్టి పరచి పొలాలను పునరుద్ధరించే పని 1979లో మొదలై 2012లో గాని ముగియలేదు. నేలను పాడుచేయడం ఎంత తేలికో, బాగుచేయడం ఎంత దీర్ఘమో ఆ రెండు సంవత్సరాలూ చెబుతాయి.

కారణం నిర్ధారించకుండా సిఫార్సు చేయడంలోని ప్రమాదం కూడా అక్కడి అనుభవం నుంచే తెలుసుకోవచ్చు. వెన్ను తీసే దశలో మడిలో నీరు నిలువ ఉంచితే వరి గింజలోకి కాడ్మియం తక్కువగా చేరుతుంది. కానీ అదే నిలువ నీరు ఆర్సెనిక్‌ను కరిగించి గింజలోకి ఎక్కువగా పంపుతుంది. ఏ లోహమో తెలియకుండా నీటి యాజమాన్యం చెప్పడం చీకటిలో మందు ఇవ్వడం వంటిది.

గడువుల విషయంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు పద్ధతి గమనించదగినది. అక్కడ నివేదిక గడువు ప్రమాద తీవ్రతను బట్టి మారుతుంది. తక్షణ అపాయమైతే విషయం తెలిసిన రెండు గంటలలో, మధ్యస్థమైతే 72 గంటలలో, నేలలో గాని భూగర్భజలంలో గాని హద్దు మించిన అంకె మాత్రమే కనబడితే 120 రోజులలో ప్రభుత్వానికి తెలపాలి. మన ఆరు నెలల జాబితాలో తాగునీటి బావి, పాత మట్టి దిబ్బ ఒకే వరుసలో నిలబడతాయి. బోరు నీటిలో విషం ఉన్న ఊరు వచ్చే అర్ధసంవత్సరపు జాబితా కోసం ఆగడం న్యాయం కాదు.

నివేదికలో ఏమి ఉండాలి

ఇక మన పని. విస్తరణ శాస్త్రవేత్త తీసిన మట్టి న్యాయస్థానంలో సాక్ష్యం కాదన్న విషయం ముందుగా ఒప్పుకోవాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం 11వ సెక్షను ప్రకారం అధికారం పొందిన వ్యక్తి, స్థలం స్వాధీనంలో ఉన్నవారికి నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో నమూనా తీసి, సీలు వేసి, ఇరువురూ సంతకాలు చేసి ప్రయోగశాలకు పంపితేనే దానికి చట్టబద్ధత. నీటి కాలుష్య చట్టం 21వ సెక్షనులోనూ ఇటువంటి క్రమమే ఉన్నది. ఆ పని మండలిది. మనది సమాచారం మాత్రమే. ఈ తేడా తెలియక కొందరు ఉత్సాహవంతులు "ఫలానా కర్మాగారం విషం వదిలింది" అని వ్రాసి ఇబ్బందులలో పడతారు. మరికొందరు అదే భయంతో ఏమీ వ్రాయరు. రెండూ అనవసరం. చూచినది వేరు, ఊహించినది వేరు అని రెండు భాగాలుగా వ్రాస్తే చాలు.

చూచినది వ్రాయడమంటే సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, నీటి మూలం, నీటి రంగు, వాసన, నురుగు, అది మొదలైన కాలం, పంట ఏ మూలన ఏ విధంగా దెబ్బతిన్నది, పశువులలో గమనించిన మార్పులు, పాత భూసార పత్రాల అంకెలు. రైతు మాటను రైతు మాటగానే, ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. దానిని మన పారిభాషిక పదాలలోకి మార్చిన క్షణంలో సగం సమాచారం పోతుంది. నమూనా ఎవరు తీశారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళింది, ఏ రోజు ప్రయోగశాల చేరింది అన్న వరుస తెగకుండా ఉండాలి. ఈ నివేదిక ఒక ప్రతి జిల్లా కలెక్టరుకు, ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, ఒకటి విశ్వవిద్యాలయ విస్తరణ సంచాలకులకు వెళ్ళాలి. అందినట్లు రసీదు తీసుకోవాలి. రసీదు తేదీ లేకపోతే తొంభై రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలి?

నాలుగవ ప్రతి రైతుకు ఇవ్వాలి. ఇక్కడే అసలు చిక్కు.

రైతు భయం

నగరాల చుట్టూ ఉన్న ఈ భూములకు పంటకన్న స్థలంగానే విలువ ఎక్కువ. తన సర్వే నంబరు కలుషిత ప్రదేశాల జాబితాలో కెక్కితే కొనేవారుండరని, బ్యాంకు అప్పు ఇవ్వదని, కూరగాయలు మార్కెట్లో తిరస్కరిస్తారని రైతు భయపడతాడు. ఆ భయం అజ్ఞానం కాదు. లెక్క తెలిసినవాడి భయమే అది. రాజస్థాన్ ఉదయపూర్ దగ్గరి బిచ్రీ గ్రామంలో హెచ్-ఆమ్లం తయారుచేసిన కర్మాగారాల వ్యర్థాలు బావుల నీటిని పాడుచేశాయి. కాలుష్య కారకులే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. 37 కోట్ల పైచిలుకు శుద్ధి వ్యయాన్ని వడ్డీతో చెల్లించాలని అదే కోర్టు మళ్ళీ 2011లో చెప్పవలసి వచ్చింది. సూత్రం గెలిచింది. రైతు పదిహేనేళ్ళు ఆగాడు. ఇది తెలిసిన రైతును "నివేదిక ఇవ్వండి, మంచి జరుగుతుంది" అని తేలికగా నమ్మించలేము, నమ్మించడానికి ప్రయత్నించడమూ సరికాదు.

అందుచేత నా సూచన ఇది. ప్రాథమిక పరిశీలన జరిగే 90 రోజుల వరకు ప్రజలకు తెలిపే జాబితాలో గ్రామం పేరు, నీటి వనరు పేరు మాత్రమే ఉండాలి. సర్వే నంబరు అధికారుల వద్ద ఉండాలి. అనుమానం నిజమని తేలిన తరువాత దాచడానికి వీలులేదు. ఆ పొలంలోని ధాన్యం తినేవారికి కూడా హక్కున్నది. కానీ ప్రకటించిన రోజునే పంటనష్ట పరిహారం, ప్రత్యామ్నాయ సాగునీరు, తినని పంటలకు మారడానికి సాయం ఏమిటో అదే ఉత్తర్వులో ఉండాలి. ఈ రెండవ భాగం లేకుండా మొదటిది అమలుచేస్తే రైతులు మనల్ని పొలం గట్టు ఎక్కనివ్వరు.

మరొక మనిషి ఈ మొత్తం వ్యవహారంలో ఎవరికీ గుర్తుకు రాడు. కౌలు రైతు. చట్టాలన్నీ యజమాని, స్వాధీనదారు అన్న మాటలతో నడుస్తాయి. భూమి ధర పడిపోతుందని యజమాని మౌనంగా ఉండి, ఆ భూమినే కౌలుకు ఇవ్వవచ్చు. దానిలో దిగి నాటు వేసేది, ఆ బోరు నీళ్ళు తాగేది, పంట పోతే అప్పు మిగిలేది కౌలుదారుకు. నివేదిక ప్రతి పట్టాదారుకే కాక సాగుదారుకు కూడా చేతికి ఇవ్వాలని నియమం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం క్రింద సాగు హక్కు పత్రాలు పొందినవారి వివరాలు గ్రామస్థాయిలోనే ఉన్నాయి గనుక ఇది అసాధ్యమేమీ కాదు. పత్రం లేని కౌలుదారులను గుర్తించడం మాత్రం విస్తరణ సిబ్బంది జ్ఞాపకం మీదనే ఆధారపడి ఉన్నది.

కొత్త నిబంధనలు అన్ని కాలుష్యాలకూ వర్తించవు. గనుల తవ్వకం, రేడియోధార్మిక వ్యర్థాలు, సముద్రంలో చమురు, పురపాలక చెత్త డంపులు వేర్వేరు చట్టాల క్రిందికి వస్తాయి. తుమ్మలపల్లె యురేనియం గనుల పరిసరాలలో తమ బోర్ల నీరు, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు చేసిన ఫిర్యాదు వంటిది ఈ దారిన పోదు. కానీ పొలంలో నిలబడినవాడికి ఏ చట్టమో ముందు తెలియదు, తెలియనక్కరలేదు. నివేదిక వ్రాసేటప్పుడు చట్టాన్ని వెదకడం మన పని కాదు. అది అందుకున్నవారు సరైన శాఖకు పంపాలి.

విశ్వవిద్యాలయ స్థాయిలో వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి జిల్లాలో పారిశ్రామికవాడల దిగువనున్న గ్రామాలను ఎంచి, గ్రామీణ వ్యవసాయ పని అనుభవం కోసం వెళ్ళే చివరి సంవత్సరపు విద్యార్థులకు అక్కడ నీటి వనరుల పరిశీలనను ఒక అభ్యాసంగా పెట్టవచ్చు. భారలోహాలను కొలిచే పరికరాలున్న మన ప్రయోగశాలలు అనుమానిత నమూనాలకు ఏడాదిలో కొంత సామర్థ్యాన్ని ప్రత్యేకించవచ్చు. విస్తరణ ఉద్యోగుల పనితీరు లెక్కలో ప్రదర్శన క్షేత్రాలకు, శిక్షణలకు మార్కులున్నట్లే ఇటువంటి నివేదికకూ స్థానం ఉండాలి. లేకపోతే మంచి మనసున్నవారు ఇద్దరు ముగ్గురు వ్రాస్తారు, వారికి బదిలీ అయిన రోజున ఆ పని ఆగిపోతుంది.

నమూనా సమాచార పత్రంలో రెండు గడులు చేర్చమని నేను పై అధికారులకు వ్రాశాను: "సాగునీటి రంగు, వాసనలో మార్పు ఉన్నదా, ఎప్పటి నుంచి" అని ఒకటి, "ఎగువన ఏమున్నది" అని మరొకటి. కొత్త పత్రాల ముద్రణ పాత నిల్వ అయిపోయిన తరువాతనే అని సమాధానం వచ్చింది. ఈలోగా మా కేంద్రానికి నమూనాలు తెచ్చే విద్యార్థులు ఆ రెండు ప్రశ్నలూ రైతును అడిగి, జవాబులను పత్రం వెనుకవైపు కలంతో వ్రాస్తున్నారు.